పేరిందేవి డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాని. రెండు కిలోలు పడతాయి, అదీ గట్టిగా కూరితే. మీ వంటింటి గూట్లోనూ నా అన్నదమ్ములు ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు. వాళ్ళని పలకరించినా చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు పాపం, కొన్న రోజు నుంచీ కందిపప్పే. నా సంగతి అలా కాదు. నేను కాజాలు మోశాను, పూతరేకులు మోశాను, కజ్జికాయలు మోశాను. ఒకసారి కచ్చితంగా మూడంటే మూడు మామిడిపళ్ళు మోశాను. రైలు కిటికీ పక్కన ఒక పెద్దావిడ ఒళ్ళో కూర్చుని నల్లమల అడవి చూశాను. ఇంత చూసి నోరు మూసుకుని కూర్చోమంటే నా వల్ల కాదు. పైగా నాకు మూత లేదు. ఆ కథే ఇప్పుడు చెప్పబోతున్నాను.

పుట్టినప్పుడు ఉండేది. ఏ ఊరో తెలియదు గానీ ఒక ఫ్యాక్టరీలో రేకుగా పడి ఉన్న నన్ను ప్రెస్సు కింద పెట్టి ఒక్క దెబ్బకి డబ్బాని చేశారు. పక్కనే నా మూతనీ చేశారు. సరిపోతుందో లేదో చూడటానికి ఒకతను దాన్ని నా మీద పెట్టి అరచేత్తో నొక్కాడు. టక్కుమంది. అంత హాయి నాకు మళ్ళీ చాలా ఏళ్ళకి గానీ దొరకలేదు.

అక్కడినుంచి తిరిగి తిరిగి గుంతకల్లు రైల్వే క్వార్టర్లకి వచ్చాను, పాత బట్టలకి స్టీలు సామాన్లిచ్చే ఆవిడ గంపలో. నన్ను చూసి ముచ్చటపడింది గార్డు సత్యలింగం గారి భార్య పేరిందేవి. గోదావరి పక్క మనిషి, ఉద్యోగం వాళ్ళని అంతదూరం తెచ్చింది. గంపావిడ నాలుగు ప్యాంట్లు అడిగింది. పేరిందేవి ఇచ్చేసేదే, బేరమాడటం ఆవిడకి చేతకాదు. ఇంతలో పక్క క్వార్టరు తలుపు తీసుకుని ఓబుళమ్మ వచ్చింది. ఇంజను డ్రైవరు కుళ్ళాయప్ప భార్య, ఆ ఊరి మనిషే. ప్యాంట్లని ఎత్తి ఎండకి పెట్టి చూసి, ఇవి ఇంకా పదేళ్ళు తొడగొచ్చు, మూడు చాలంది. మూడింటికే నేను పేరిందేవి దాన్నయ్యాను. ఆ మూడింటిలో ఒకటి ఇంకా వాడుకలో ఉన్నదని సత్యలింగం గారు మర్నాడు డ్యూటీకి బయల్దేరేటప్పుడు తెలిసింది.

బజార్లో గుర్రుమనే మిషనుతో నా పొట్ట మీద 'పేరిందేవి' అని చెక్కించారు. మూత మీద కూడా. మనుషులు ఇళ్ళు మారతారు, ఊళ్ళు మారతారు, గిన్నెల మీద పేర్లు మాత్రం శాశ్వతంగా కొట్టిస్తారు. గిన్నెలు ఎక్కడికో పోతాయని వాళ్ళ భయం. నా విషయంలో ఆ భయం నిజమే అయింది.

పేరిందేవి పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా నన్ను వెంట తీసుకెళ్ళేది. వచ్చేటప్పుడు నాలో తాపేశ్వరం మడత కాజాలుండేవి. ఇంకోసారి ఆత్రేయపురం పూతరేకులు. మరోసారి విజయవాడలో బండి మారుతూ కొన్న బందరు లడ్డు. స్నానమైనా చెయ్యకుండా నన్ను పట్టుకుని పక్క క్వార్టరుకి వెళ్ళి ఓబుళమ్మ చేతిలో పెట్టేది. ఇచ్చిన డబ్బాని ఖాళీగా తిరిగివ్వకూడదు కదా. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసివ్వాలి. ఓబుళమ్మ చిటికెడుతో సరిపెట్టే మనిషి కాదు. కజ్జికాయలు చేసేది, నువ్వుల పొడి దంచేది. అన్నిటికన్నా ఎక్కువగా చెనిక్కాయ ఉండలు చుట్టేది. వేరుశనగ పప్పుని దోరగా వేయించి, పొట్టు తీసి, లేత బెల్లం పాకంలో వేసి, చెయ్యి కాలుతుండగానే చుట్టేది. ఆ వేడిలోనే నాలో వేసేది. నాకు ఒళ్ళంతా వెచ్చబడేది. నిజం చెప్పనా, పూతరేకులు పెద్దింటి చుట్టాల్లా నాలో కదలకుండా కూర్చునేవి. ఈ ఉండలైతే గలగలా దొర్లేవి. నాకు దొర్లేవే ఇష్టం.

ఆ ఉండల దగ్గరే ఒకరోజు తేడా వచ్చింది. ఓబుళమ్మ నన్ను నింపి తెచ్చిస్తే పేరిందేవి మూత తీసి, ఒక ఉండ చేతిలోకి తీసుకుని నవ్వింది. 'ఇవి మా ఊళ్ళో బడి గేటు దగ్గర అమ్ముతారు వదినగారూ,' అంది. ఇంకేదో చెప్పబోతోంది. స్టవ్వు మీద పాలు పొంగాయి. నన్ను అక్కడే పెట్టి లోపలికి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి ఓబుళమ్మ లేదు.

ఓబుళమ్మ ఎవరితోనూ ఏమీ అనలేదు. కానీ తర్వాతి కాజాల డబ్బాగా నేను ఆవిడింటికి వెళ్ళినప్పుడు, నన్ను కడుగుతూ మొగుడితో అన్న మాట నేను విన్నాను. 'ఆ యమ్మ తెచ్చేటివన్నీ ఊరి పేరున్న సరుకు. మనవి బడికాడ అమ్మేటివి. ఈసారి నేను గూడా పేరున్నదే ఇస్తా.' కుళ్ళాయప్ప పేపరు చదువుతూ ఊఁ అన్నాడు. మొగుళ్ళ ఊఁలకి అర్థం ఉండదని ఓబుళమ్మకి తెలుసు, అయినా అది ఒట్టు పెట్టుకున్నట్టే అయింది.

సరిగ్గా ఆ వారంలోనే సత్యలింగం గారికి రాజమండ్రి బదిలీ ఆర్డరు వచ్చింది. సామాన్లు లారీకెక్కించే రోజు పొద్దున ఓబుళమ్మ దారికని పులిహోర చేసిచ్చింది. నన్ను కడిగి ఓబుళమ్మ వంటింటి గూట్లో బోర్లించి ఉంచారు, కాబట్టి నేనేమీ చూడలేదు. మా పేరిందేవి మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చిన అలికిడి మాత్రం వినిపించింది. సాయంత్రం నన్ను తిరగేసేసరికి పేరిందేవి లేదు, సత్యలింగం గారు లేరు. నా మూత కూడా లేదు. ఓబుళమ్మ ఇల్లంతా వెతికి, పులిహోర గిన్నె మీద పొరపాటున నా మూత పెట్టి పంపేసి ఉంటానని తీర్మానించుకుంది.

పదకొండేళ్ళు. మీరు మూత లేకుండా పదకొండేళ్ళు ఉండి చూడండి. నా మీద ఒక అల్యూమినియం పళ్ళెం బోర్లించారు. అది అటు ఇటు జారేది, నా మీద దానికి బొత్తిగా గౌరవం లేదు. పండగలకి వాళ్ళిద్దరూ ఫోన్లో మాట్లాడుకునేవారు. ఆరోగ్యాలు, పిల్లల చదువులు, కంది పంట, గోదావరి వరద, అన్నీ వచ్చేవి, నా పేరు మాత్రం వచ్చేది కాదు. ఇచ్చిన డబ్బాని తిరిగి అడగడం మర్యాద కాదు గనక పేరిందేవి అడగలేదు. నింపడానికి తగింది దొరకలేదు గనక ఓబుళమ్మ ఎత్తలేదు. ఫోను పెట్టేశాక ప్రతిసారీ నా వైపు చూసి, డబ్బా మింగేసిన మనిషని అనుకుంటూ ఉంటాదేమో ఆ యమ్మ, అని నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు విన్నప్పుడల్లా నాకు బాధగా ఉండేది.

ఒకసారి ప్రయత్నం చేసింది. ఎవరో కడప వెళ్తుంటే గువ్వలచెరువు పాలకోవా తెప్పించింది. పేరున్నదే. నాలో పెట్టి, రాజమండ్రి వైపు డ్యూటీ మీద వెళ్ళే ఒకతనికి ఇవ్వబోయింది. మూత లేని డబ్బాని నేను పట్టుకుపోలేనమ్మా అన్నాడతను. ఇంకెవరైనా దొరుకుతారేమోనని రెండు రోజులు ఆగేసరికి మే నెల ఎండకి కోవా పులిసింది. నన్ను చింతపండుతో మూడుసార్లు తోమారు.

చివరికి కుళ్ళాయప్ప రిటైరయ్యాడు. రైల్వే వాళ్ళు దండ వేసి, గడియారం ఇచ్చి, ఏటా ఊళ్ళు తిరగడానికి పాసు ఇచ్చారు. జీవితమంతా రైలు నడిపిన మనిషికి రైలెక్కాలని ఏముంటుంది, తిరుపతి చాలన్నాడు. ఓబుళమ్మ నన్ను గూట్లోంచి దించి నడింట్లో పెట్టింది. 'తిరపతి యాడికీ పోదు. ముందు రాజమండ్రికి పోదాం,' అంది. ఆ మాటతో నాకు ఒంట్లో ప్రాణం లేచి వచ్చింది.

ప్రయాణంలో తినడానికని నలభై చెనిక్కాయ ఉండలు చుట్టి గుడ్డసంచిలో వేసింది. నన్ను మాత్రం ఖాళీగా, తళతళ తోమి, ఒక చేతిరుమాలు నా నోటికి కట్టి ఒళ్ళో పెట్టుకుంది. దారిలో పేరున్న ఊళ్ళు బోలెడు, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని ఆవిడ ధీమా. నాకైతే రైలు కదిలిన దగ్గరనుంచీ ఒకటే ఆత్రం. ఎక్కడ నింపుతారు, దేంతో నింపుతారు? పదకొండేళ్ళుగా పాత రసీదులూ, గుండీలూ మోసిన డబ్బాని మరి.

నంద్యాల్లో బనగానపల్లి మామిడిపళ్ళ గంపలు కిటికీ దాకా వచ్చాయి. ఇంతకన్నా పేరున్న పండేముంది? ఓబుళమ్మ కట్టు విప్పి గబగబా నాలో పెట్టింది. మూడు పట్టాయి. నాలుగోదాన్ని పక్కకి, నిలువుకి, అన్ని విధాలా దూర్చి చూసింది. పట్టలేదు. మూడు ఎవరికీ ఇవ్వకూడదు, అది అందరికీ తెలిసిందే. రెండిస్తే డబ్బా వెలితి. గిద్దలూరు దాటేలోపు ఆ మూడూ వాళ్ళిద్దరూ తినేశారు. ఆ తర్వాత ఏ స్టేషన్లోనో కొళాయి కింద నన్ను కడుగుతుంటే, చల్లటి నీళ్ళు పడుతుంటే, నాకు ఈ ప్రయాణం ఇలాగే సాగిపోతే బాగుండుననిపించింది.

తెనాలిలో బండి మారాలి, మూడు గంటల వ్యవధి ఉంది. బజార్లోకి వెళ్ళి బెల్లం జిలేబీ పట్టుకొచ్చారు. నల్లగా, నిగనిగలాడుతూ, వేడివేడిగా నాలోకి దిగింది. అబ్బ, ఏం వాసన! ఇదే, ఇదే అనుకున్నాను. కానీ బండి ఎక్కుతుండగా నేను కాస్త వంగాను. మూత ఉంటే వంగినా ఏమీ అయ్యేది కాదు. పాకం రుమాల్లోంచి ఓబుళమ్మ చీర మీదకి, చీర మీదనుంచి పక్కాయన చెప్పు మీదకి కారింది. పక్కాయన మంచివాడు, ఏమీ అనకుండా నాలుగు జిలేబీలు తిన్నాడు. తక్కినవి బోగీలో ఉన్న పిల్లలకి పంచారు. నన్ను మళ్ళీ కడిగారు.

విజయవాడలో బందరు లడ్డు కొన్నప్పుడు మాత్రం ఓబుళమ్మ ముఖం వెలిగింది. వంగినా కారదు, రెండు రోజులున్నా పాడుకాదు. నన్ను అంచు దాకా నింపింది. నేతి వాసనతో నాకు కళ్ళు మూతలు పడ్డాయి. ఏలూరు దాకా ఆవిడా నేనూ సుఖంగా ఉన్నాం. అప్పుడు కుళ్ళాయప్ప, కిటికీలోంచి చేపల చెరువులు చూస్తూ, నోట్లో చెనిక్కాయ ఉండ నములుతూ, మెల్లగా అన్నాడు.

'ఏమ్మే, ఇది ఆ యమ్మ మనకు తెచ్చిచ్చిందే గదా. వాళ్ళది వాళ్ళకే ఇచ్చేదానికి ఇంత దూరం వచ్చినామా?'

ఓబుళమ్మ లడ్డులన్నీ కాగితంలోకి తీసి మూట కట్టేసింది. నేను మళ్ళీ ఖాళీ. కొవ్వూరు దాటి బండి గోదావరి వంతెన ఎక్కింది. బోగీలో వాళ్ళంతా లేచి కిటికీల దగ్గరికి చేరి నీళ్ళల్లో చిల్లర వేస్తున్నారు. కింద అంత నీరు, పైన అంత ఆకాశం. నేనైతే ఆ గాలికి లోపలంతా మోగిపోతున్నాను. ఓబుళమ్మ మాత్రం నన్ను రెండు చేతులా పట్టుకుని ఖాళీ డబ్బాలోకి చూస్తూ కూర్చుంది. ఇంకో పది నిమిషాల్లో పేరిందేవి ఊరు. ఇంత దూరం వచ్చి ఖాళీ డబ్బా ఎలా చేతిలో పెడతాను అని ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నాలోనే పడ్డాయి గనక నాకు తెలుసు.

స్టేషను బయట ఒక మిఠాయి దుకాణం ఉంది. ఆఖరి ఆశగా అక్కడికి వెళ్ళింది. కాజాలు, పూతరేకులు, హల్వా, జీడిపప్పు పాకం, ఒక్కోదాని మీదా ఒక్కో ఊరి పేరు. అన్ని ఊళ్ళూ ఒకే అద్దాల బీరువాలో పక్కపక్కన కూర్చుని ఉన్నాయి. ఇక్కడివి కాకుండా ఏదైనా దూరం ఊరిది, పేరున్నది ఇవ్వమని అడిగింది. దుకాణం అతను పై అరలోంచి ఎంతో మర్యాదగా ఒక ప్యాకెట్టు దించాడు. దాని మీద గుర్రమెక్కి కత్తి ఎత్తిన వీరుడి బొమ్మ, కింద పెద్ద ఎర్రక్షరాలు: 'అనంతపురం వేరుశనగ ఉండలు. రాయలసీమ స్పెషల్.'

'ఇది చాలా పేరున్న సరుకండీ,' అన్నాడతను. 'ఊరెళ్ళే వాళ్ళు ఇదే పట్టికెళ్తారండి. ఇలా చెయ్యడం ఆ వైపు వాళ్ళకే వచ్చండి.'

ఓబుళమ్మ ఆ ప్యాకెట్టుని తిప్పి తిప్పి చూసింది. రుచి చూడమని అతను ఒకటిచ్చాడు. కొరికింది. నములుతున్నకొద్దీ ఆవిడ నడుము నిటారుగా అవుతోంది. ఆ సంగతి ఆవిడ చంకలో ఉన్న నాకు బాగా తెలిసింది.

'పాకం ముదరబెట్టినారు,' అంది. 'పొట్టు గూడా తీయలేదు. దీనికే ఇంత పేరా?'

అతను నొచ్చుకున్నట్టు చూశాడు. ఓబుళమ్మకి అతనితో పని లేదు. గుంతకల్లులో ఎవరికీ పట్టని సరుక్కి ఇక్కడ గుర్రం, కత్తి, ఎర్రక్షరాలు. తాపేశ్వరంలో కాజాని ఎవరు పట్టించుకుంటారు గనక! పేరు రావాలంటే ఊరు దాటాలి, అంతే. ఆ ముక్క నాకు ఏనాడో తెలుసు, నన్నెవరూ అడగలేదు. ఆవిడ అక్కడే బల్ల మీద నన్ను పెట్టి, మొగుడి చేతిలో గుడ్డసంచి లాక్కుని నాలోకి ఒంపింది.

తొమ్మిది పడ్డాయి.

నలభైలో తొమ్మిది. ఓబుళమ్మ మొగుడి వైపు చూసింది. కుళ్ళాయప్ప స్టేషను గడియారం వైపు చూశాడు. ఆవిడ కోపంతో ఒక మాట అనబోయి ఆగిపోయింది. గుంతకల్లు నుంచి గోదావరి దాకా, మామిడిపళ్ళూ జిలేబీలూ లడ్డూలూ పక్కనుండగా, ఆ మనిషి తిన్నవి ముప్పై ఒక్క చెనిక్కాయ ఉండలు. అంతకన్నా మెప్పు ఏం కావాలి? దుకాణం అతను ప్యాకెట్టులోవి కలిపి నింపుకోమన్నాడు. అక్కర్లేదంది. ఆటోలో నేను గలగలా మోగుతూ వెళ్ళాను. ఆ చప్పుడికి డ్రైవరు ఒకసారి ఇంజను ఆపి కూడా చూసుకున్నాడు.

పేరిందేవి ఇల్లు గోదావరి గట్టుకి రెండు వీధుల అవతల. తలుపు తీసిన మనిషికి జుట్టు నెరిసింది, కళ్ళజోడు వచ్చింది. ఓబుళమ్మని చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. ఓబుళమ్మ ముందుగా సిద్ధం చేసుకున్న మాటలన్నీ మర్చిపోయి నన్ను ఆవిడ చేతిలో పెట్టింది. తొమ్మిదే ఉండాయి, తప్పు నాది కాదు ఈయనది, అంది.

పేరిందేవి రుమాలు విప్పింది. ఒక ఉండ తీసి కొరికి, కళ్ళు మూసుకుని నమిలింది. 'మా బడి గేటు దగ్గర ఇవి అమ్మేవారు వదినగారూ. బయట తిండి ముట్టుకుంటే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. ఎనిమిదేళ్ళు రోజూ చూసుకుంటూ వెళ్ళిపోయాను. మొదటిసారి తిన్నది మీ చేతివే. ఆ మాట చెబుదామనుకునే లోపల పాలు పొంగిపోయాయి,' అంది.

ఓబుళమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, అయితే పదకొండేండ్లు పోగొట్టుకున్నది నేనేనన్నమాట అంది. తర్వాత గుర్తొచ్చి, పులిహోర గిన్నె మీద పొరపాటున మూత వచ్చేసిందని, దాంతో ఎవరి చేతా పంపడానికి కుదరలేదని చెప్పుకొచ్చింది.

పేరిందేవి నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చినప్పుడు ఆవిడ చేతిలో నా మూత ఉంది. ఎక్కడా గీత పడలేదు, మసి అంటలేదు. పదకొండేళ్ళూ దేవుడి గూట్లో పెట్టి తుడిచినట్టుంది.

'పొరపాటున రాలేదండీ, నేనే తెచ్చుకున్నాను,' అంది. 'మంచినీళ్ళ వంక పెట్టుకుని వచ్చి చీర కుచ్చెళ్ళలో దాచుకున్నాను. మూతుంటే ఎవరిచేతో పంపించేస్తారు. మూత లేకపోతే మీరే తేవాలి కదా. కాకపోతే ఇంత ఆలస్యం చేస్తారనుకోలేదు.'

ఆ మాట అంటూనే మూతని నా మీద పెట్టి అరచేత్తో నొక్కింది. టక్కుమంది. ఆ క్షణం గురించి ఇంకేం చెప్పను? లోపల ఎనిమిది ఉండలు ఒక్కసారి ఎగిరిపడ్డాయి, అది నేను చేసిన పనే.

వాళ్ళు నాలుగు రోజులున్నారు. గోదావరి స్నానం చేశారు, పూతరేకులు చుట్టడం చూశారు, సత్యలింగం గారు ఆ ప్యాంటు సంగతి మళ్ళీ ఎత్తారు. ఉండలు రెండో రోజుకే అయిపోయాయి, సగం కుళ్ళాయప్పే తిన్నాడు. వెళ్ళే రోజు పేరిందేవి సంచుల నిండా కాజాలు సర్దింది. నన్ను మాత్రం ఇక్కడే ఉంచుకుంది. నా ఇంటికి నేను చేరాను, లెక్క సరిపోయింది అనుకున్నాను.

కానీ ఈసారి నన్ను బోర్లించి పెట్టలేదు, కాబట్టి అంతా చూశాను. ఆటో వచ్చిందని అందరూ వీధిలోకి వెళ్ళాక ఓబుళమ్మ మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వచ్చింది. అటూ ఇటూ చూసి, నా మూతని తీసి, చీర కుచ్చెళ్ళలో దోపుకుని, ఏమీ ఎరగనట్టు వెళ్ళి ఆటో ఎక్కింది.

సాయంత్రం నన్ను మూయబోయి పేరిందేవి గూడంతా తడిమింది. ఒక్క నిమిషం అలాగే నిలబడిపోయింది. తర్వాత ఒంటరిగా, వంటింట్లో, పెద్దగా నవ్వింది. హాల్లోకి వెళ్ళి మన పాసు ఈ ఏడాది ఇంకా ఉందా అని సత్యలింగం గారిని అడిగింది. తిరుపతికేనా అన్నారాయన. కాదు, గుంతకల్లుకి అంది.

ప్రస్తుతం నేను వంటింటి గట్టు మీద ఉన్నాను. మూత లేదు, లోపల ఏమీ లేదు, రుమాలు ఉతికి ఆరేసి ఉంది. పేరిందేవి నా ఎదురుగా చెయ్యి గడ్డం కింద పెట్టుకుని కూర్చుని, ఏం పట్టుకెళ్ళాలా అని పొద్దుటినుంచీ ఆలోచిస్తోంది. కాజాలు మొన్ననే ఇచ్చింది. పూతరేకులు రైల్లో నలుగుతాయట. ఆవిడ ఏది తేల్చుకున్నా నాకు సమ్మతమే, నేను మాత్రం తయారుగా ఉన్నాను.